నష్టం అనే గడిలో

తాడు ముడి ఇంకోసారి చూసుకో, ఎరిక్.
బోరా గాలి ఇవాళ సెలవు పెట్టింది గానీ
త్రియెస్తెలో దాని సెలవుల్ని నమ్మి
వేలాడేవాడు వెర్రివాడు.

నాలుగో అంతస్తు చూరంచు, ఆడిట్ కంపెనీ కిటికీల పైన,
ఈ మూల నుంచి ఆ మూల దాకా మనదే.
కింద బూట్ల దుకాణం, పక్కన కాఫీ కొట్టు,
కాఫీ కొట్టు గొడుగుల మీద తెల్లటి చారలు.
ఆ చారలే మనకి జీతం.

పావురానికి పట్టు చిక్కకూడదు, అంతే విద్య.
నాలుగు వేళ్ళ వెడల్పు దొరికితే చాలు, సంసారం పెట్టేస్తుంది.
వల కడితే, మీటితే మోగాలి.
వదులు వల పక్షిని ఆపదు, ఉరి తీస్తుంది.
ఒకసారి చూశాను. దాని సంగతి అడక్కు.
జిగురు డబ్బా తెచ్చేవాడితో నేను పని చెయ్యను,
ఆ ముక్క మొదటి రోజే మేనేజరు ఓర్నెల్లా గారికి చెప్పేశాను.
"ఖర్చు తక్కువ కదా" అంది.
"బూట్లు అట్టతో కూడా కుట్టొచ్చు" అన్నాను.

ఇరవై రెండేళ్ళు.
బ్యాంకులు, చేపల వేలంశాల, మూతబడ్డ సినిమాహాలు,
ఓడల కంపెనీ కప్పు మీద రాతి దేవత,
ఆవిడ నెత్తిన కూడా ముళ్ళు బిగించాను.
మా అమ్మ పిండి పిసుకుతూ అడిగేది, మా స్లోవేన్‌లో,
"ఎవరైనా అడిగితే నీ పనేమిటని చెప్పనే, నీవెస్?"
"కూర్చోనివ్వకపోవడం" అనేదాన్ని.
ఆవిడ నవ్వేది కాదు.
వాళ్ళమ్మని ఈ ఊళ్ళోనే ఒకప్పుడు
సొంత మాట మాట్లాడిందని ట్రాములోంచి దింపేశారట.
పిండి మీద గుడ్డ కప్పి లేచి వెళ్ళిపోయేది.

ఆగు. ఆ వాననీటి గొట్టం వెనక ఏమిటది?
పుల్లలు కావు.
చెయ్యి పెట్టకు!

నవంబరు కదా, ఖాళీ గూడే. కాకిది.
బూడిదరంగు కోటేసుకుని చెత్తకుండీల దగ్గర
తనిఖీకొచ్చిన ఆఫీసరులా తిరుగుతుందే, ఆ కాకి.
లోపల ఉన్ని, తెగిన మాస్కు తాడు, బూట్ల దుకాణం రిబ్బను.
బయట, చుట్టూతా, మన ముళ్ళు.
పట్టీలకు పట్టీలే పీక్కొచ్చి
మొనలు బయటికి తిప్పి అల్లుకుంది.
మనవేనా అంటే, మనవే. చివర చూడు, ఎడమకు వంపు.
పటకారుతో అలా వంచేది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే.
పోయిన మార్చిలో, అవతలి వీధి మందుల షాపు మీద బిగించినవి.
వాళ్ళు ఫోన్ చేసి తిట్టారు కూడా,
గాలికి ఊడిపోయాయని నేనే ఒప్పుకున్నాను.
పాపం, బోరాకి ఎన్ని నిందలో.

కంచె చేను మేసిందంటే విన్నాం.
దొంగే కంచె ఎత్తుకెళ్ళి తనింటికి కట్టుకోవడం
నాకిదే మొదలు.

నవ్వకు, తాడు ఊగుతుంది.
సరే, నవ్వు.

కాగితం తియ్యి. జాతి: కాకి. సంఖ్య: తెలియదు.
నష్టం అనే గడిలో రాయి:
ముళ్ళ పట్టీలు, ఇరవై మూడు.
ఎవరి నష్టమంటావా, ఆ గడి వాళ్ళు గీయలేదు.

గూడు తియ్యాలి. గొట్టం మూసుకుపోతే
డిసెంబరు వాన ఆడిట్ వాళ్ళ లెక్కల మీద పడుతుంది.
తీస్తాం. కానీ విసరకు, సంచిలో నిదానంగా దించు,
ఎక్కడా కదలడం లేదు చూడు,
నాకంటే బాగా బిగించింది.

హామీ పదేళ్ళని రాయమంటోంది ఓర్నెల్లా గారు.
రెండేళ్ళు వేశాను.
ఎదురుగా దీపస్తంభం మీద
బూడిద కోటావిడ ఒకతె ఇందాకట్నించి మన చేతుల్నే చూస్తోంది,
తల అటు వంచి, ఇటు వంచి,
ఏ స్క్రూ ముందు, ఏది తర్వాత అని.